వాడుక ఇంగ్లీష్ మీద మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

అమెరికా క్లయింట్ కాల్స్‌లో కూర్చునేవాళ్ళు, ఎంఎస్‌కి బయల్దేరేవాళ్ళు, పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్ళొచ్చే అమ్మానాన్నలు, అందరూ అటూఇటూగా ఇవే అడుగుతుంటారు కాబట్టి ఒకచోట పెట్టేశా. ఎక్కువ భాగం అమెరికా వాడుక గురించే, బ్రిటన్ ఆస్ట్రేలియా సంగతి మధ్యలో ఒకచోట ఉంది. గ్రామర్ క్లాస్ కాదిది, నోటికొచ్చే మాటల గొడవ.

చదువంతా ఇంగ్లీష్ మీడియమే, జీఆర్‌ఈ వర్డ్స్ కూడా బట్టీ పట్టా. అయినా అమెరికా వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే సగం ఎందుకు బుర్రకెక్కదు?

రెండు కారణాలు. మొదటిది, మనం బళ్ళో నేర్చుకున్నది రాసే ఇంగ్లీష్. టాలరేట్, పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్ లాంటి పెద్ద మాటలు మనకి కొట్టిన పిండి, కానీ వాళ్ళు నోటితో అనేది పుట్ అప్ విత్, పుష్ బ్యాక్, లుక్ ఇంటూ. విడివిడిగా చూస్తే ఎల్‌కేజీ పిల్లాడికి కూడా తెలిసిన మాటలే, కలిపేసరికి అర్థం ఇంకెటో పోతుంది. గెట్ ఒక్కటే తీసుకోండి, గెట్ ఓవర్ అంటే ఆ బాధలోంచి తేరుకోవడం, గెట్ బై అంటే ఉన్నదాంతో ఎలాగోలా నెట్టుకురావడం, గెట్ అవే విత్ అంటే తప్పు చేసి కూడా దొరక్కుండా బయటపడటం, గెట్ ఎరౌండ్ టు అంటే ఎప్పట్నుంచో చేద్దాం చేద్దాం అనుకుంటున్న పని ఎట్టకేలకి ముట్టుకోవడం. జీఆర్‌ఈ వాడు ఇవి అడగడు, రోజూ పక్క సీటువాడు మాత్రం వాడతాడు.

రెండోది సౌండ్. గోయింగ్ టు అన్నది గనా అయిపోతుంది, గాట్ టు గాడా అవుతుంది, వాట్ డూ యూ అన్న మూడు మాటలు కలిసి వడ్యా అవుతాయి. అన్నిటికంటే ప్రమాదం క్యాన్, క్యాంట్ దగ్గర. అమెరికన్ నోట్లో ఐ క్యాన్ డూ ఇట్ అన్నప్పుడు ఆ క్యాన్ నలిగిపోయి కన్ అని చిన్నగా వినిపిస్తుంది, బరువంతా డూ మీద పడుతుంది. క్యాంట్ అన్నప్పుడు చివర్లో ట మింగేస్తారు కానీ క్యా మాత్రం గట్టిగా పలుకుతారు. అంటే మీకు క్యాన్ అని శుభ్రంగా, బరువుగా వినబడిందంటే చాలాసార్లు అది చెయ్యలేను అని! మనం కూడా ఐ క్యాన్ డూ దట్ బై ఫ్రైడే అని క్యాన్ మీద ఒత్తి చెప్తే వాళ్ళకి డౌటొస్తుంది, అందుకే యెస్ ఐ విల్ అనో, ష్యూర్, నో ప్రాబ్లమ్ అనో అనేస్తే గొడవుండదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? వెయ్యి ఇడియమ్స్ ఉన్న పీడీఎఫ్ ఒకటి దొరికింది, రోజుకి పది చొప్పున చదవనా?

ఆ పీడీఎఫ్ మూసేయండి. అందులో ఉన్నవాటిలో చాలా భాగం ఎవరూ నోటితో అనరు. మొదట నేర్చుకోవాల్సింది బదులు చెప్పే మాటలు, ఎందుకంటే కాల్‌లో మనం మాట్లాడేదానికంటే ఎదుటివాడికి బదులిచ్చేదే ఎక్కువ. సౌండ్స్ గుడ్ అంటే సరే అలాగే చేద్దాం. మేక్స్ సెన్స్ అంటే మీరన్నది అర్థమైంది, సబబుగానే ఉంది. ఫెయిర్ ఇనఫ్ అంటే నాకు పూర్తిగా నచ్చకపోయినా మీ మాటా న్యాయమే. గాచ్చా అంటే అర్థమైంది, మై బ్యాడ్ అంటే నాదే పొరపాటు, హ్యాంగ్ ఆన్ అంటే ఒక్క నిమిషం ఆగు, యూ బెట్ అంటే తప్పకుండా. ఐయామ్ డౌన్ అన్నా ఐయామ్ అప్ ఫర్ ఇట్ అన్నా రెండూ ఒకటే, నేనూ వస్తా అని. డౌన్ అన్నాడు కదా పాపం బాధలో ఉన్నాడేమో అనుకోకండి. షూట్ అని అంటే అడుగు అడుగు అని, అదే తనలో తను షూట్ అనుకుంటే అయ్యో అని.

ఈ పదీ పరకా నోట్లో ఆడితే కాల్‌లో సగం బెరుకు పోతుంది. ఎస్ సార్, ఓకే సార్ ఒక్కటే పట్టుకుని వేలాడాల్సిన పని ఉండదు. ఓకే అంటే గుర్తొచ్చింది, దాని పుట్టుక కూడా ఒక తమాషానే. 1839లో బోస్టన్‌లో ఒక పేపర్ వాళ్ళు ఆల్ కరెక్ట్ అన్నదాన్ని కావాలని తప్పు స్పెల్లింగ్‌తో ఓ, కే అని పొట్టి చేసి సరదాకి వేశారు. అప్పట్లో అలాంటి తప్పుడు పొట్టి మాటలు ఒక ఫ్యాషన్, మిగతావన్నీ పోయి ఇదొక్కటే బతికి ప్రపంచమంతా తిరిగింది.

ఐయామ్ గుడ్ అంటే కావాలనా వద్దనా?

వద్దని. ఇది చాలా సింపుల్‌గా కనిపిస్తుంది కానీ మొదటి నెలలో అందరూ తడబడేది ఇక్కడే. కౌంటర్ దగ్గర సీన్ ఎలా ఉంటుందో చూడండి.

— హే, వాట్ కెనై గెట్ ఫర్ యా?
— కెనై గెట్ ఎ స్మాల్ లాటే?
— ఫర్ హియర్ ఆర్ టు గో?
— టు గో, ప్లీజ్.
— ఎనీథింగ్ ఎల్స్?
— నో, ఐయామ్ గుడ్.
— యూ వానా రిసీట్?
— ఐయామ్ ఆల్ సెట్, థాంక్స్.

ఇందులో ఐ వాంట్ వన్ కాఫీ అన్న వాక్యం ఎక్కడా లేదు గమనించండి, అడిగేది కెనై గెట్ అని. పార్సిల్ అన్న మాట కూడా లేదు, అక్కడ పార్సిల్ అంటే పోస్టులో వచ్చే డబ్బా, మనం తీసుకెళ్ళే తిండి టు గో. ఐయామ్ గుడ్, ఐయామ్ ఆల్ సెట్ రెండూ చాలు, ఇంకేం వద్దు అనే. ఎదుటివాడు యూ ఆర్ గుడ్ అన్నాడంటే మళ్ళీ వేరే, ఫర్వాలేదులే, సారీ ఎందుకు అని.

ఇదే దారిలో ఇంకో గుంట ఉంది. డు యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్ అని అడిగితే మనవాళ్ళు పెద్దమనసుతో యెస్ యెస్ అంటారు, అంటే నాకు అభ్యంతరం ఉంది అన్నట్టు! నో, గో అహెడ్ అనాలి. అలాగే లేదా, రాలేదా అని అడిగే ప్రశ్నలు. మెయిల్ రాలేదా అని తెలుగులో అడిగితే ఆ, రాలేదు అంటాం, ఎదుటివాడి మాటతో ఒప్పుకుంటున్నాం కాబట్టి ఆ. ఇంగ్లీష్‌లో యూ డిడింట్ గెట్ మై ఈమెయిల్ అంటే నో, ఐ డిడింట్ అనాలి. వట్టి యెస్ అని ఊరుకుంటే వాడు వచ్చిందేమో అనుకుంటాడు. కాబట్టి యెస్, నో దగ్గర ఆగకుండా తోకతో సహా చెప్పండి, ఐ డిడ్ అనో ఐ డిడింట్ అనో.

వాట్సప్, హౌజిట్ గోయింగ్ అంటే ఏం చెప్పాలి?

నిజంగా ఏం అడగట్లేదు వాళ్ళు. మనం ఏంటి సంగతులు అంటే ఏముంది, మీరే చెప్పాలి అంటాం చూడండి, అంతే. వాట్సప్ అంటే నాట్ మచ్, హౌజిట్ గోయింగ్ అంటే గుడ్, హౌ అబౌట్ యూ, అది కూడా నడుస్తూ నడుస్తూ. లిఫ్ట్‌లో కలిసినవాడికి మోకాళ్ళ నొప్పి గురించి మొదలుపెట్టొద్దు. ఐయామ్ ఫైన్ తప్పు కాదు కానీ కొంచెం ముభావంగా వినిపిస్తుంది, గుడ్, ప్రెటీ గుడ్, కాంట్ కంప్లైన్ ఇవి బాగుంటాయి. లండన్‌లో అయితే యూ ఆల్‌రైట్ అంటారు, నా మొహం ఏమన్నా వాడిపోయిందా అని కంగారు పడకండి, అది వాళ్ళ నమస్కారం.

ఆఫీసులో అందరూ బేస్‌బాల్ మాటలు వాడతారెందుకు? నాకు ఆ ఆట ఓనమాలు తెలీవు.

మనం ఇంటర్వ్యూలో క్లీన్ బౌల్డ్ అయిపోయా, బాస్ బౌన్సర్ వేశాడు, వాడు సిక్సర్ కొట్టాడు అనట్లేదా, వాళ్ళకి ఆ ఆట బేస్‌బాల్, అంతే తేడా. ఆట మొత్తం అక్కర్లేదు, ఇంత తెలిస్తే చాలు: బంతి విసిరేవాడు పిచ్చర్, కొట్టేవాడు ప్లేట్ దగ్గర నిలబడతాడు, కొట్టి మూడు బేస్‌లు దాటి మళ్ళీ ప్లేట్ దగ్గరికి వస్తే ఒక పరుగు.

స్టెప్ అప్ టు ద ప్లేట్ అంటే బాధ్యత నెత్తినేసుకుని ముందుకు రావడం. కర్వ్‌బాల్ అంటే మన గూగ్లీ, ఊహించని ప్రశ్నో, ఊహించని ఇబ్బందో. అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్ అన్నా ఎక్కడ్నుంచో ఊడిపడిందని. స్ట్రైక్ అవుట్ అంటే ప్రయత్నించి ఫెయిల్ అవ్వడం, నాక్ ఇట్ అవుట్ ఆఫ్ ద పార్క్ అంటే అదరగొట్టేయడం. టచ్ బేస్ అంటే ఓసారి మాట్లాడుకుందాం, కవర్ ఆల్ ద బేసెస్ అంటే ఏ మూలా వదలకుండా చూసుకోవడం. బాల్‌పార్క్ అనేది ఎస్టిమేషన్ మీటింగ్‌లో రోజూ వస్తుంది, గివ్ మీ ఎ బాల్‌పార్క్ అంటే ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పు అని. అంకె చెప్పాక అది బాల్‌పార్కే అని మెయిల్లో రాసిపెట్టుకోండి, తర్వాత అదే డెడ్‌లైన్ అయి మన మెడకి చుట్టుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది రెయిన్ చెక్. 1880ల్లో వర్షానికి ఆట ఆగిపోతే చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇంకో రోజు వచ్చి చూడమని ఒక చీటీ ఇచ్చేవాళ్ళు, దాని పేరు రెయిన్ చెక్. ఇప్పుడు లంచ్‌కి రమ్మని ఎవరైనా పిలిస్తే ఐల్ టేక్ ఎ రెయిన్ చెక్ అంటే ఈసారికి కుదరదు, ఇంకోసారి చూద్దాం అని. ముఖం మీద నో అనకుండా తప్పుకోవడానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు.

అదే బ్రిటిష్ వాళ్ళతో పని అయితే మనకి పండగే, అంతా క్రికెట్. స్టికీ వికెట్ అంటే ఇరకాటం, ముసలాయన పోతే హీ హ్యాడ్ ఎ గుడ్ ఇన్నింగ్స్ అంటారు, నిండుగా బతికాడు అని.

స్టాండప్ కాల్‌లో (టీమంతా రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) ఏం జరుగుతోందో సగం రోజులు అర్థం కాదు. కొంచెం విడమర్చి చెప్పరా?

ఒక మాట వరసకి మేనేజర్ ఇలా అన్నాడనుకోండి: ఐ నో యూ హావ్ ఎ లాట్ ఆన్ యువర్ ప్లేట్, బట్ డు యూ హావ్ ద బ్యాండ్‌విడ్త్ టు టేక్ దిస్ ఆన్? ఇట్స్ లో హ్యాంగింగ్ ఫ్రూట్. ఐ హావ్ ఎ హార్డ్ స్టాప్ ఎట్ టెన్, సో లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్ అండ్ సర్కిల్ బ్యాక్ టుమారో. లూప్ ఇన్ ద క్యూఏ ఫోక్స్.

తెలుగులో చెప్పాలంటే: నీకు చేతినిండా పని ఉందని తెలుసు, అయినా ఇది కూడా చూసే తీరిక ఉందా, పెద్ద కష్టం కాదులే, చిటికెలో అయిపోతుంది. పదింటికల్లా నేను కాల్ వదిలేసి వెళ్ళిపోవాల్సిందే, కాబట్టి ఇది ఇందరి ముందు కాదు, మనిద్దరం విడిగా మాట్లాడుకుని రేపు మళ్ళీ చూద్దాం. టెస్టింగ్ వాళ్ళని కూడా కలుపుకో.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే లో హ్యాంగింగ్ ఫ్రూట్ అని వాడన్నంత మాత్రాన అది చిన్న పని అయిపోదు. ఒప్పుకునే ముందు లెట్ మీ టేక్ ఎ లుక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ అనండి, ఈ ఒక్క వాక్యం ఎన్ని రాత్రుళ్ళ నిద్ర కాపాడుతుందో చెప్పలేను. కుదరదు అని చెప్పాలంటే ఐయామ్ స్వాంప్డ్ దిస్ వీక్ అంటే చాలు, ఊపిరాడట్లేదు అని. డ్రాప్డ్ ద బాల్ అంటే చేయాల్సిన పని జారవిడిచాడు. అది తన గురించి అంటే హుందాగా ఉంటుంది, పక్కవాడి గురించి పదిమందిలో అంటే తిట్టినట్టే. ఎవరైనా మీ డిజైన్ మీద పుష్ బ్యాక్ వచ్చింది అంటే వాయిదా కాదు, అభ్యంతరం చెప్పారని. మీటింగ్ పుష్ బ్యాక్ చేశారంటే మాత్రం వాయిదానే. ఇక బుధవారం మీటింగ్ రెండు రోజులు మూవ్ ఫార్వర్డ్ చేశాం అంటే ఇంగ్లీష్ వాళ్ళలోనే కొందరు సోమవారం అనుకుంటారు, కొందరు శుక్రవారం అనుకుంటారు, కాబట్టి సిగ్గుపడకుండా సో ఇట్స్ మండే అని అడిగి ఖాయం చేసుకోండి.

మన ఇంగ్లీష్‌లో ఏ మాటలు వాళ్ళకి అర్థం కావు? అవి తప్పా?

తప్పు అని నేననను. మన దగ్గర కోట్లమంది వాడుతున్న ఇంగ్లీష్ అది, ప్రీపోన్ అయితే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కింది. డు ద నీడ్‌ఫుల్ అసలు బ్రిటిష్ వాళ్ళ మాటే, వాళ్ళు వదిలేశారు మనం పట్టుకున్నాం. కాకపోతే వినేవాడికి ఏం చేరుతుందన్నది చూసుకోవాలి కదా. ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019 అంటే అమెరికావాడికి 2019లో స్పృహ తప్పి పడిపోయాడని అర్థం, ఐ గ్రాడ్యుయేటెడ్ అనాలి. ఐ హావ్ ఎ డౌట్ అంటే మీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది, ఐ హావ్ ఎ క్వశ్చన్ అంటే సరిపోతుంది. అవుట్ ఆఫ్ స్టేషన్ బదులు అవుట్ ఆఫ్ టౌన్, ప్రీపోన్ బదులు మూవ్ అప్. స్టేషనరీ షాపులో రబ్బర్ అని అడక్కండి, అక్కడ దానర్థం కండోమ్, ఎరేజర్ అనాలి. కజిన్ బ్రదర్ అంటే అర్థమవుతుంది కానీ వింతగా చూస్తారు, మన పెద్దనాన్న కొడుకు, మేనమామ కొడుకు తేడా వాళ్ళ భాషలో లేదు, అందరూ కజినే. లక్ష, కోటి కూడా అంతే, లాక్ అంటే తాళం అనుకుంటారు, హండ్రెడ్ థౌజండ్ అనండి.

కిక్ ద బకెట్, రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ నేర్చుకోవాలా?

వింటే తెలిస్తే చాలు. కుండపోతగా కురుస్తుంటే ఇట్స్ పోరింగ్ అంటారు, పిల్లులూ కుక్కలూ మన కోచింగ్ సెంటర్ బోర్డు మీదే ఎక్కువ కనిపిస్తాయి. కిక్ ద బకెట్ మాత్రం పొరపాటున కూడా ఎవరి ఇంట్లోనైనా పోయినప్పుడు అనొద్దు, మనం టపా కట్టేశాడు అన్నట్టుంటుంది. పాస్డ్ అవే, ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్, అంతే.

మన సామెతలు, జాతీయాలు ఇంగ్లీష్‌లోకి మార్చి వాడితే?

కొన్ని అచ్చు గుద్దినట్టు కలుస్తాయి. నా చేతులు కట్టేసినట్టుంది అంటే మై హ్యాండ్స్ ఆర్ టైడ్, రెప్పపాటులో అంటే ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఎన్ ఐ, చేతులు కడిగేసుకున్నాడు అంటే హీ వాష్డ్ హిజ్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్. ఇవి ధైర్యంగా వాడేయొచ్చు. కానీ నా తల తినకు అన్నదాన్ని మక్కీకి మక్కీ దింపితే నరమాంసం గొడవ అవుతుంది, స్టాప్ బగ్గింగ్ మీ అనాలి. చేతులెత్తేశాడు అన్నదానికి త్రూ అప్ హిజ్ హ్యాండ్స్ ఉంది, కాకపోతే చివరి రెండు మాటలు మింగేసి త్రూ అప్ అని ఆపారనుకోండి, వాంతి చేసుకున్నాడని అర్థం!

వాళ్ళు మెచ్చుకుంటున్నారో వెటకారం చేస్తున్నారో ఎలా తెలుస్తుంది?

గొంతు బట్టి, సందర్భం బట్టి. కొన్ని మాటలు పైకి ఒకటి లోపల ఒకటి. టెల్ మీ అబౌట్ ఇట్ అంటే ఆ సంగతి చెప్పమని అడగట్లేదు, నాకు తెలీకపోతే కదా, నేనూ అదే పడుతున్నా అని. మీరు ట్రాఫిక్ దారుణంగా ఉందన్నాక వాడు టెల్ మీ అబౌట్ ఇట్ అంటే మళ్ళీ మొదట్నుంచి ట్రాఫిక్ కథ మొదలెట్టకండి. యా, రైట్ అని సాగదీస్తే ఆ, నమ్మాంలే అని. నాక్ యువర్‌సెల్ఫ్ అవుట్ అంటే కొట్టుకోమని కాదు, నీ ఇష్టం, పండగ చేస్కో అని. గెట్ అవుట్ ఆఫ్ హియర్ అని కళ్ళు పెద్దవి చేసి అంటే ఊరుకో, నిజంగానా అని, లేచి వెళ్ళిపోకండి.

మనవాళ్ళు ఎక్కువుండే టెక్సస్ వైపు, ఇంకా దక్షిణాది రాష్ట్రాల్లో బ్లెస్ యువర్ హార్ట్ అని ఒకటుంది. పెద్దావిడ మీ కష్టం విని అంటే అయ్యో పాపం తల్లీ అని, అదే మీరేదో తెలివితక్కువ పని చేశాక నవ్వుతూ అంటే అయ్యో అమాయకుడా అని చురక. రెండిటికీ థాంక్యూ అంటే సరిపోతుంది లెండి.

ఇంకోటి, వీ షుడ్ గ్రాబ్ కాఫీ సమ్‌టైమ్ అన్నది పిలుపు కాదు. మనం ఓసారి మా ఇంటికి రండి అని గుమ్మం దగ్గర అంటాం కదా, ఏ రోజో, ఏ టైమో చెప్తేనే పిలిచినట్టు.

బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్తే ఇవే పనికొస్తాయా?

చాలావరకు అర్థమవుతాయి, కానీ కొన్నిచోట్ల అడ్డంగా తిరుగుతాయి. మీటింగ్‌లో లెట్స్ టేబుల్ దిస్ అంటే అమెరికాలో ఇది ఇప్పటికి పక్కన పెడదాం, బ్రిటన్‌లో ఇది ఇప్పుడే చర్చకి పెడదాం. రెండు దేశాలవాళ్ళూ ఒకే కాల్‌లో ఉంటే తమాషా చూడాలి. హాఫ్ సెవెన్ అంటే బ్రిటన్‌లో ఏడున్నర, ఆరున్నర కాదు. క్వార్టర్ ఆఫ్ ఫైవ్ అని అమెరికావాడంటే ఐదుకి పావు తక్కువ. క్వైట్ గుడ్ అంటే అమెరికాలో చాలా బాగుందని, బ్రిటన్‌లో చాలాసార్లు ఫర్వాలేదనే, అప్రైజల్‌లో ఈ తేడా తెలియాలి. పిస్డ్ అంటే అమెరికాలో కోపం, బ్రిటన్‌లో తాగి ఉండటం. చీర్స్ అంటే బ్రిటన్‌లో థాంక్స్ కూడా.

ఆస్ట్రేలియాలో పార్టీకి పిలిచి బ్రింగ్ ఎ ప్లేట్ అంటారు, ఖాళీ ప్లేటు పట్టుకెళ్ళారంటే అయిపోయారే! నలుగురూ తినేలా ఏదైనా వండి తెమ్మని దానర్థం. పులిహోర పట్టుకెళ్ళండి, గిన్నె ఖాళీగా వస్తుంది.

మా పిల్లలు రిజ్, నో క్యాప్, బెట్, సస్ అంటున్నారు. మేమూ నేర్చుకోవాలా?

తెలుసుకోండి, వాడకండి. నో క్యాప్ అంటే ఒట్టు, అబద్ధం కాదు. బెట్ అంటే సరే, సస్ అంటే అనుమానంగా ఉంది, రిజ్ అంటే ఎదుటివాళ్ళని మాటల్తో పడేసే టాలెంట్, 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు కూడా. వీటిలో చాలా మాటలు నల్లజాతి అమెరికన్ల వాడుక నుంచి వచ్చి ఇంటర్నెట్ ఎక్కినవే. రెండేళ్ళు తిరిగేసరికి పాతబడిపోతాయి, అదీకాక నాన్న నోట్లోంచి నో క్యాప్ వస్తే పిల్లలు ఆ మాటే మానేస్తారు. మానిపించాలనుకుంటే మాత్రం మంచి ఉపాయమే.

బూతుల సంగతి?

సినిమాల్లో విని అక్కడ అందరూ అలాగే మాట్లాడతారనుకోవద్దు. దిస్ సక్స్, క్రాప్ లాంటివి స్నేహితుల మధ్య నడుస్తాయి. ఎఫ్ మాట మేనేజర్ అన్నాడని మీరూ అనకండి, పరాయి భాషలో బూతు బరువు మనకి చెవికి తెలీదు, అదే చిక్కు.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ఇడియమ్స్ వాడితే బ్యాండ్ పెరుగుతుందా?

సగం నిజం. మార్కులేసే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి, బ్యాండ్ 7 దగ్గర ఇడియమాటిక్ మాటలు కొన్ని వాడగలగాలి అని రాసి ఉంటుంది. దాంతో కోచింగ్‌వాళ్ళు ఆన్ క్లౌడ్ నైన్, వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ బట్టీ పట్టిస్తారు, పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాల మాటల్లో ప్రతివాడూ క్లౌడ్ నైన్ ఎక్కేస్తే ఎగ్జామినర్‌కి తెలిసిపోదా. ఇడియమాటిక్ అంటే సామెతలొక్కటే కాదు, ఐ ఎండెడ్ అప్ స్టడీయింగ్ సివిల్, ఇట్ టుక్ మీ ఎ వైల్ టు సెటిల్ ఇన్ ఇలాంటివీ అందులోకే వస్తాయి, వినడానికి సహజంగా ఉంటాయి. రైటింగ్‌లో మాత్రం గనా, కిడ్స్, ఎ టన్ ఆఫ్ లాంటివి ఎస్సేలో పెట్టకండి.

ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఏ సైట్లు చూడాలి?

మాట ఒక్కటే రాసుకుంటే నిలవదు, ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో ఆ వాక్యం మొత్తం రాసుకోండి. ఫోన్ నోట్స్‌లో చాలు. ఒకే మాట మూడు వేర్వేరు నోళ్ళలో విన్నాక మీరు వాడటం మొదలుపెట్టండి, అప్పటిదాకా అర్థం చేసుకోవడంతో ఆగండి, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన రూలు.

యూగ్లిష్ అని ఒక సైట్ ఉంది, అందులో ఏ మాట కొట్టినా యూట్యూబ్ వీడియోల్లో జనం ఆ మాట అన్న చోటుని వరసగా వినిపిస్తుంది, అమెరికా బ్రిటన్ ఆస్ట్రేలియా విడివిడిగా కూడా. పలకడం దగ్గర దీన్ని మించింది నాకు కనబడలేదు. బీబీసీ వాళ్ళ ద ఇంగ్లిష్ వీ స్పీక్ చిన్న చిన్న ఎపిసోడ్లు, బస్సులో వినేయొచ్చు. అర్థానికి కేంబ్రిడ్జ్, మెరియమ్ వెబ్‌స్టర్ చూడండి, అందులో ఇన్ఫార్మల్, ఓల్డ్ ఫ్యాషన్డ్, అఫెన్సివ్ అని పక్కన రాసిన చిన్న మాట వదలకుండా చూడాలి. అర్బన్ డిక్షనరీ ఎవరు పడితే వాళ్ళు రాసేది, సగం బూతులు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరవకండి. ఏఐ యాప్‌ని అడిగితే ఓపిగ్గా చెప్తుంది కానీ ఇడియమ్స్ ఇవ్వు అంటే అలంకారంగా ఉండేవే ఎక్కువ ఇస్తుంది, కాబట్టి ఈ వాక్యం ఆఫీసులో పక్కవాడితో మాటవరసకి ఎలా అంటారు అని అడగండి.

తెలుగు యాసతో ఇవి అంటే నవ్వుతారా?

యాసకి నవ్వరు, ఒత్తు తప్పితే అర్థం కాక తెల్లమొహం వేస్తారు. తెలుగులో అన్ని అక్షరాలకీ దాదాపు సమానంగా బరువిస్తాం, వాళ్ళకి అలా కాదు. ఫిగర్ అవుట్, గివ్ అప్ లాంటివాటిలో బరువు రెండో మాట మీద. అదే బ్యాకప్, లాగిన్ అని నామవాచకం అయితే బరువు ముందుకొస్తుంది. ఇదొక్కటి సరిచేసుకుంటే ఆర్ దొర్లించడం, నోరు వంకర్లు తిప్పడం ఏవీ అక్కర్లేదు.

అర్థం కాకపోతే అడగడానికి మొహమాటం. ఎలా అడగాలి?

వాట్ డు యూ మీన్ అని సూటిగా అంటే నిలదీసినట్టు వినిపించే ప్రమాదం ఉంది. సారీ, ఐ హావెంట్ హర్డ్ దట్ వన్ బిఫోర్ అనండి, చాలామంది సంతోషంగా విడమర్చి చెప్తారు, పైగా ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో కథ కూడా చెప్తారు. వినబడకపోతే సారీ, ఐ డిడింట్ క్యాచ్ దట్. పని విషయం అయితే సో యూ వాంట్ మీ టు ఫలానా, రైట్ అని మన మాటల్లో తిరిగి చెప్పడం. తలూపేసి తర్వాత పక్కవాడిని అడుగుదాంలే అనుకుంటే ఆ పక్కవాడు కూడా మనలాగే తలూపి ఉంటాడు.

చాట్‌లో పొట్టి మాటలు?

ఎల్ఎంకే అంటే తెలియజేయి, ఎన్‌వీఎం అంటే వదిలేయ్‌లే, ఓఓఓ అంటే ఆఫీసులో లేను, లీవు. లోల్ అంటే పడీపడీ నవ్వారని కాదు, మాట కొంచెం మెత్తబరచడానికి తగిలించే తోక. కే అని ఒక్క అక్షరం పంపితే ముఖం మాడ్చుకున్నట్టు ఉంటుంది. మనకి వాక్యం చివర మూడు నాలుగు చుక్కలు పెట్టే అలవాటు ఎక్కువ, వాళ్ళకది ఏదో మనసులో పెట్టుకుని పైకి చెప్పట్లేదన్నట్టు కనిపిస్తుంది, తగ్గించండి. కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకొకరు చూసేటప్పుడు, ఎల్‌జీటీఎం అంటే బాగుంది, కానిచ్చేయ్ అని. నిట్ అని మొదలుపెట్టి ఏదైనా రాశారంటే అది గోరంత విషయం, సరిచేస్తే మంచిది, చెయ్యకపోయినా మెర్జ్ (మీ కోడ్‌ని అసలు కోడ్‌లో కలపడం) ఆగదు, దాని మీద పెద్ద పేరా రాసి వాదన పెట్టుకోకండి, డన్ అనో, గుడ్ క్యాచ్ అనో కొట్టి ముందుకెళ్ళండి.